అనంతం దగ్గర ముడి

ఆదివారం వస్తోందంటే నాకు శనివారం నుంచే భయం పట్టుకునేది. మాస్కోలో మాది ఐదో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఆ రోజు పొద్దున్నే గుమ్మం దగ్గర మంచు కారుతున్న బూట్లు పోగుపడేవి. కోట్ల బరువుకి గోడ కొయ్యలు ఊడొచ్చేలా ఉండేవి. లోపలి గదిలో గోడకి బిగించిన నల్లబల్ల ముందు మా ఆయన వెన్యా సుద్దముక్క పట్టుకుని, పెళ్ళికొడుకులా వెలిగిపోతూ నిలబడేవాడు. సోవియట్ రోజులవి, దేశం వదిలి వెళ్ళనివ్వండి అని మేం అర్జీ పెట్టుకున్నాం. వెళ్ళనివ్వలేదు సరికదా, ఆయన ఉద్యోగం ఊడపీకారు. పుస్తకాల మీద బతికిన మనిషి ఒక ఆసుపత్రి బాయిలరు గదిలో పారతో బొగ్గు వేస్తున్నాడు. మా ఇంటికొచ్చే వాళ్ళందరిదీ అదే తంతు. ఒకాయన లిఫ్టు దగ్గర కాపలా, ఒకాయన వీధులు ఊడవడం. రసాయన శాస్త్రం చదివినవాళ్ళూ, భాషలు చదివినవాళ్ళూ, రేడియో ఇంజనీర్లూ అందరూ కలిసి వారానికో పూట ఒకరి పాఠం ఒకరు వినకపోతే పిచ్చెక్కిపోతుందని మా ఇంటి మీద పడేవాళ్ళు. పిచ్చి వాళ్ళకెక్కకుండా నాకెక్కించారు.

గుమ్మం బెల్లు మోగిన ప్రతిసారీ పై ప్రాణాలు పైనే పోయేవి. ఎందుకు పోవు? ఆకులు రాలే రోజుల్లో వెన్యాని 'ఆ ఆఫీసు'కి, అదే రహస్య పోలీసుల దగ్గరికి, పిలిపించి మరీ చెప్పారు. నీ రాతలు సరిహద్దు దాటితే ఇంక పిలుపులుండవు, తిన్నగా శిక్షా శిబిరమే అన్నారు. అచ్చు వెయ్యాలంటే ఇందులో రహస్యాలేమీ లేవని పనిచేసే చోటి నుంచి కాగితం కావాలి. బాయిలరు గది మేస్త్రీ ఇస్తాడా ఆ కాగితం? అంచేత ఇక్కడ అచ్చు కాదు, బయటికి పంపితే జైలు. వెన్యా గుండె జబ్బు మనిషి. శిబిరంలో ఒక్క చలికాలం దాటడని నాకు తెలుసు, మందుల షాపులో పనిచేసేదాన్ని కదా.

ఇంత ప్రాణం మీదికి తెచ్చుకునే విద్య ఏమిటయ్యా అని ఓసారి అడిగాను. క్యాబేజీ ఆకులు ఒలుస్తున్నాను అప్పుడు. వెన్యా నా చేతిలోంచి క్యాబేజీ లాక్కుని మొదలుపెట్టాడు. ఒక బంతి ఉందనుకో. దానికి మూడు పొరలు తొడిగాం. మూడూ ఒక్కలాంటివే, ఒకదాని చోట ఇంకోదాన్ని పెట్టినా ఎవరూ పోల్చుకోలేరు. అక్కడక్కడ మూడింటినీ కలిపి ముడేశాం. మొదటి పొర మీద బయల్దేరి ముడి చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తే రెండో పొర మీద తేలతావు. ఇంకో చుట్టు తిరిగితే మూడోది. మళ్ళీ తిరిగితే మొదటికొస్తావు. ఇలాంటి పొరల బంతి మీద ప్రకంపనలు ఎలా సాగుతాయన్నదే లెక్క. లోకమంతా ఆ పొరల్లో పడి కొట్టుకుంటోందట. మా ఆయన మాత్రం, పొరలు మరిచిపొండి, ఒట్టి బంతి మీద ముడి ఉన్న చోటల్లా ఒక గుర్తు పెట్టండి, ఆ గుర్తులే ఒకదానితో ఒకటి మాట్లాడుకుని జవాబంతా చెప్పేస్తాయి అంటాడు.

అందులో ఒక్క సంగతి నా బుర్రలో నిలిచిపోయింది. బంతి మీద అనంతం కూడా ఒక చుక్కేనట, మిగతా చుక్కలకి ఏమీ తీసిపోదట. పొరలు మూడూ ముళ్ళు నాలుగూ అయితే, నాలుగింటినీ కలిపి చుట్టి వచ్చినా బయల్దేరిన పొరకి చేరవు, ఒక పొర తేడా పడుతుంది. ఆ తేడా తీరాలంటే అనంతం దగ్గర ఐదో ముడి ఉండి తీరాలి. "దాన్ని బల్ల మీద గియ్యలేం, అందుకే జనం మరిచిపోతారు" అన్నాడు వెన్యా. నీ అనంతం తర్వాత చూద్దాం, ముందు ఆ క్యాబేజీ ఇటివ్వు అన్నాను.

వచ్చేవాళ్ళలో ఆయన లెక్క పూర్తిగా బుర్రకెక్కేది లాజర్ ఒక్కడికే. చదువుకునే రోజుల్లో ఇద్దరిదీ హాస్టల్లో ఒకే గది, ఒకే పెనంలో బంగాళాదుంపలు వేయించుకుని తిన్నవాళ్ళు. మా పెళ్ళికి ఉంగరాలు జేబులో వేసుకొచ్చిందీ లాజరే. అతను వెళ్ళిపోతానని అర్జీ పెట్టలేదు కాబట్టి ఉద్యోగం నిలిచింది. విదేశీ పత్రికలు చొక్కా కింద దాచుకుని తెచ్చేవాడు. వెన్యా లెక్కల్ని వరస వరసా సరిచూసేవాడు. నన్ను ముద్దుపేరుతో ఫాన్యా అనేవాడు, ఏడిపించందే మెతుకు ముట్టేవాడు కాదు. నీ సూపూ నీ మొగుడి లెక్కా ఒకటేనమ్మా, అంతా బాగుంటుంది, ఒక్క ఉప్పు మరిచిపోతారు అనేవాడు. తెచ్చి వెయ్యి మరి, చేతులు పడిపోయాయా అనేదాన్ని. లాజర్ ఇంట్లో ఉన్నంతసేపూ నాకు కాస్త ధైర్యంగా ఉండేది.

ఆ చలికాలంలో డెన్మార్కు నుంచి ఒక గణితం మాస్టారు ఊరు చూసే మిషతో వస్తాడని తెలిసింది. వెన్యా మూడేళ్ళ పని అతని చేతికిస్తే అక్కడ అచ్చు వేయిస్తాడు. కాగితాల కట్ట వంటింట్లో గోధుమనూక డబ్బాలో, నూక కింద దాచాం. అతను లోపల పాఠం వింటుంటే నేను దాన్ని అతని కోటు లోపలి జేబులో పెట్టాలి. ఇదీ ఏర్పాటు. ఇంట్లో గోడలకి చెవులున్నాయని మాకు గట్టి అనుమానం కాబట్టి ఇలాంటివి నోటితో అనేవాళ్ళం కాదు. పిల్లలు ఆడుకునే పలక ఒకటుండేది, పైన పల్చటి ప్లాస్టిక్ రేకుతో. పుల్లతో రాసి, చదివాక రేకు ఎత్తితే అక్షరాలు మాయం. మా కాపురమంతా ఆ పలక మీదే సాగేది. పోట్లాటలు కూడా.

సరిగ్గా అప్పుడే దాపురించాడు నౌమ్. చెర్నోవ్‌త్సీ అనే ఊరి నుంచి వచ్చానన్నాడు. ఎవరో పంపారని పేరు చెప్పాడు, ఆ పేరుగల మనిషి దేశం వదిలి ఏడాదైంది, ఇంక ఎవర్ని అడుగుతాం? తనదీ వెన్యా విద్యేనన్నాడు. వచ్చినవాడు తలుపు పక్కన కుర్చీ అంచున కూర్చుని, మెడకి చుట్టుకున్న మఫ్లరు తియ్యకుండా, పెట్టింది తినకుండా, అందర్నీ గుచ్చి గుచ్చి చూశాడు. డెన్మార్కు ఆయన రావడానికి ముందు కొత్త మొహం ఊడిపడటమేమిటి?

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక వెన్యా, లాజర్, నేను ముగ్గురమే మిగిలాం. వెన్యా పలక మీద రాశాడు: "వచ్చేవారం బల్ల మీద కావాలని తప్పు రాస్తాను. మనవాడైతే నోరు మూసుకుని ఉండలేడు." లాజర్ చదివి చప్పుడు కాకుండా నవ్వి, పుల్ల అందుకుని కింద రాశాడు: "అనంతం దగ్గర ముడి లేదను." నేనే రేకు ఎత్తాను. దాని గురించి ఎవరం పెదవి కదపలేదు.

ఆ ఆదివారం వెన్యా మూడు పొరలన్నాడు, నాలుగు ముళ్ళు గీశాడు, అనంతం దగ్గర ఏమీ లేదు అని తాపీగా చెప్పి ముందుకెళ్ళిపోయాడు. మిగతావాళ్ళకి దొరికే తప్పు కాదది. లాజర్ పైకప్పు చూస్తూ కూర్చున్నాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి నౌమ్ మొహమే చూస్తున్నాను. కదల్డే. బల్ల ఒకసారి నిండింది, వెన్యా తడిగుడ్డతో తుడిచి మళ్ళీ నింపుతున్నాడు. అయిపోయింది, వీడు వాళ్ళ మనిషే అనుకున్నాను. అప్పుడు చూశాను, నౌమ్ చెవులు బీట్‌రూట్ రంగుకి తిరిగాయి. మోకాలు ఆడుతోంది. మఫ్లరు పీక్కుంటున్నాడు. ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు.

"క్షమించాలి. అనంతం దగ్గర కూడా ముడి ఉంటుంది. ఉండాలి. లేకపోతే మీరు రాసిందేదీ నిలవదు" అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

వెన్యా సుద్దముక్క పారేసి వెళ్ళి వాణ్ణి వాటేసుకున్నాడు. తప్పు పట్టినవాణ్ణి కావలించుకోవడమేమిటో తక్కిన వాళ్ళకి బోధపడలేదు. బాగా పట్టాడు, నా కళ్ళు తెరిపించాడు అని మాత్రం అన్నాడు వెన్యా. లాజర్ చప్పట్లు కొట్టాడు. నౌమ్ ఆ పూట మా ఇంట్లో మొదటిసారి తిన్నాడు, పాపం, ఎన్నాళ్ళ ఆకలో.

నాకు మాత్రం భయం పూర్తిగా పోలేదు. లెక్కలొచ్చినవాళ్ళలో చెడ్డవాళ్ళుండరా అని పలక మీద అడిగాను. బల్ల మీద తప్పునే భరించలేనివాడు మనిషికి ద్రోహం ఎలా చేస్తాడని రాశాడు మా ఆయన. ఇదీ ఆయన లోకజ్ఞానం. ఇలాంటివాళ్ళని కట్టుకున్నందుకు నెత్తి కొట్టుకోవాలి.

డెన్మార్కు ఆయన రావాల్సిన వారం మధ్యలో మందుల షాపుకి నాకు ఫోనొచ్చింది. ఆ ఆఫీసు నుంచి. వెన్యాకి కాదు, నాకు. వెళ్ళాను. లోపలున్న అధికారి శుభ్రంగా క్షవరం చేసుకున్న మనిషి, గొంతు పెంచే రకం కాదు. టీలో నిమ్మచెక్క వేసి ఇచ్చాడు. మా అమ్మ కీళ్ళనొప్పుల గురించి అడిగాడు. వెన్యా గుండె గురించి అడిగాడు. అడిగిన ప్రతిదానికీ పొడిపొడిగా అవుననో కాదనో అన్నాను. ఇంక వెళ్ళచ్చన్నాక, నేను తలుపు పిడి పట్టుకున్నాక, నా పూర్తి పేరు పెట్టి పిలిచి అన్నాడు:

"ఫైనా అబ్రమోవ్నా, మీవారు తెలివైనవారు. మనుషుల్ని పరీక్షించడానికి బల్ల మీద కావాలని తప్పు రాస్తారట. మా దగ్గర మాత్రం అలాంటి ఆటలు వద్దని చెప్పండి."

వీధిలోకొచ్చి మంచులో చాలాదూరం నడిచాక గాని నా తలకాయ పనిచెయ్యలేదు. ముందు నౌమ్‌ని తిట్టుకున్నాను. పెట్టిన తిండంతా తిని ఇంత పని చేశావా అనుకున్నాను. ఆ తర్వాత కాళ్ళు ఆగిపోయాయి. ఆ గదిలో ఉన్నవాళ్ళంతా తప్పు చూశారు, నౌమ్ కూడా తప్పే చూశాడు. అది కావాలని రాసిన తప్పని వాళ్ళకెవరికీ తెలియదు. తెలిసింది ముగ్గురికి. నోటితో అనుకున్నది కాదు గోడలు వినడానికి. నేను చెప్పలేదు. పక్కనున్న రొట్టెల కొట్టు గోడకి ఆనుకున్నాను.

ఇంటికెళ్ళి, ఆ పరీక్ష సంగతి నువ్వెవరితోనైనా అన్నావా అని వెన్యాని పలక మీద అడిగాను. లేదే, ఎందుకూ అని రాశాడు. ఊరికే అని రాసి రేకు ఎత్తేశాను. అంతకంటే ఏం చెప్పను? వెన్యా మొహం అద్దం లాంటిది, మనసులో ఉన్నదంతా ఎదుటివాడికి కనిపిస్తుంది. లాజర్ గుమ్మంలో అడుగు పెట్టగానే తెలిసిపోతుంది. తెలిస్తే లాజర్ ఏం చేస్తాడో, వాళ్ళేం చేస్తారో. అదీకాక నాకే నమ్మబుద్ధి కాలేదు. లాజర్ ఇంట్లో నవ్వుతూ పెళ్ళాంతో అని ఉంటాడు, ఆవిడ ఇంకెవరితోనో అని ఉంటుంది అని సర్ది చెప్పుకున్నాను. కట్ట ఇవ్వకుండా ఆపెయ్యాలంటే, మూడేళ్ళ పని. ఆ పరదేశి మళ్ళీ వస్తాడన్న నమ్మకం లేదు. ఇస్తే, వెన్యా ప్రాణం. ఆదివారం దాకా అన్నం సహించలేదు, కంటికి కునుకు లేదు.

ఆ రోజు మెట్రో దగ్గర్నుంచి డెన్మార్కు ఆయన్ని తీసుకొచ్చింది లాజరే. ముందే అలా అనుకున్నాం. ఆ పెద్దమనిషి ఒంటె అంత పొడుగు, చలికి మొహం కందిపోయింది, అందరికీ వంగి వంగి దణ్ణాలు పెట్టాడు. అతని కోటు కొయ్యకి తగిలించాను. లోపల వెన్యా పాఠం మొదలైంది. నేను వంటింట్లో నూక డబ్బా ముందు నిలబడ్డాను. మూత తీశాను, పెట్టాను. మళ్ళీ తీశాను.

లాజర్ వచ్చాడు. వంటింట్లో మాట్లాడాలంటే మేమంతా చేసే పనే చేశాడు, గోడలకి వినపడకుండా కుళాయి ధారగా తిప్పాడు. నా పక్కకొచ్చి, "ఇప్పుడేనా పెట్టేది?" అన్నాడు మెల్లిగా.

"ఆ కుళాయి ఎవరి కోసం తిప్పావు లాజర్? వాళ్ళు వింటారని నీకెందుకు భయం?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. లాజర్ చెయ్యి కుళాయి మీదే ఉండిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏం మాట్లాడుతున్నావ్ అంటాడనుకున్నాను. అంటే నమ్ముదామని కూడా అనుకున్నాను. అనలేదు.

"బోర్యాని కాలేజీ నుంచి తీసేస్తామన్నారు" అన్నాడు. బోర్యా వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. కాలేజీ పోతే సైన్యం, సైన్యమంటే ఆ రోజుల్లో అఫ్గానిస్తాన్ యుద్ధం. "ఏదో ఒకటి చెబుతుండమన్నారు. నేను లెక్కలు చెప్పేవాణ్ణి ఫాన్యా. పొరలూ, ముళ్ళూ, అవే. వాళ్ళకి విసుగొచ్చి, మనుషుల గురించి చెప్పు అన్నారు. ఆ పరీక్ష సంగతి నవ్వుకునే ముచ్చట కదా, దానివల్ల ఎవరికీ ఏమీ కాదనుకున్నాను."

చెంప పగలగొడదామన్నంత కోపమొచ్చింది. అదే క్షణంలో, ఎంత వెర్రివాడివిరా అని ఏడుపూ వచ్చింది. లెక్కల తప్పుని ఎవడూ ఆయుధం చేసుకోలేడని నమ్మేవాళ్ళు ఈ భూమ్మీద ఇద్దరే ఉన్నారు, ఇద్దరూ నా ఇంట్లోనే ఉన్నారు.

"ఇవాళ్టి సంగతి చెప్పావా?" అని అడిగాను.

నీళ్ళు పోతూనే ఉన్నాయి. లోపల్నుంచి సుద్ద గీసుకుంటున్న చప్పుడు, వెన్యా హుషారైన గొంతు వినిపిస్తున్నాయి. లాజర్ నూక డబ్బా వైపు చూడకుండా కిటికీలోకి చూశాడు.

"ఇవాళ వద్దు. మెట్రో దగ్గర ఆపుతారు. కోటు కుట్లు విప్పిస్తారు" అన్నాడు.

నూక డబ్బా మూత బిగించి స్టూలు మీద కూలబడ్డాను. వెన్యా దక్కాడన్న సంగతి బుర్రకెక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కీ ఎక్కగానే ఇంకోటి తోచింది. కోటులో ఏమీ దొరక్కపోతే మాకు ముందే ఎవరు చెప్పి ఉంటారా అని వాళ్ళు ఆలోచించరా?

"మరి బోర్యా?" అన్నాను.

లాజర్ కుళాయి కట్టేశాడు. చేతులు తుడుచుకుని, నేను చేసిపెట్టిన క్యాబేజీ బూరెల పళ్ళెం ఎత్తుకుని, "ఇందులో ఉప్పేశావా?" అని గట్టిగా, గోడలన్నిటికీ వినపడేలా అడిగి లోపలికెళ్ళాడు.

డెన్మార్కు ఆయన్ని మెట్రో మెట్ల దగ్గరే ఆపారు. కోటు లోపలి గుడ్డ చించారు. బూట్లు విప్పించారు. ఏమీ దొరకలేదు. క్షమించమని అడిగి పంపించేశారట. ఎందుకు పెట్టలేదని వెన్యా నన్ను పలక మీద అడిగితే, భయం వేసింది అని రాశాను. అందులో అబద్ధం ఏముంది? మూడేళ్ళ పని నీ పిరికితనం పాలు చేశావని ఆయన అనలేదు గాని, చాలా రోజులు నాతో పలక మీద కూడా మాట్లాడలేదు. పడ్డాను. ఇంతకీ వాళ్ళకి ఎవరు చెప్పి ఉంటారు, నౌమేనా అని ఓ రోజు తనే రాశాడు. కాదు అని రాశాను. మరెవరు అని రాశాడు. రేకు ఎత్తేసి అంట్లు తోముకోవడానికి వెళ్ళిపోయాను.

లాజర్ ప్రతి ఆదివారం వస్తూనే ఉన్నాడు. మానేస్తే ఎందుకు మానేశావని అటువాళ్ళూ అడుగుతారు, ఇటువాళ్ళూ అడుగుతారు. నాతో మునుపటిలాగే హాస్యాలాడేవాడు. నేనూ మునుపటిలాగే కసిరేదాన్ని. కాకపోతే బెల్లు మోగినప్పుడు ఇప్పుడు నాకు రెండు భయాలు. తలుపు తియ్యగానే ముందు లాజర్ మొహం చూసేదాన్ని, బోర్యా సంగతి అందులో రాసి ఉందేమోనని.

మంచు కరిగి వీధులు బురదయ్యే రోజుల్లో ఒక ఆదివారం లాజర్ ఆలస్యంగా వచ్చాడు. కోటు విప్పలేదు. వెన్యా పాఠం ఆపి ఏమిటన్నాడు. "బోర్యాకి పిలుపొచ్చింది. దక్షిణానికి పంపుతున్నారు" అన్నాడు లాజర్, మామూలు గొంతుతోనే. దక్షిణమంటే అఫ్గానిస్తానే, గదిలో అందరికీ తెలుసు. వెన్యా వెళ్ళి స్నేహితుణ్ణి రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. మనం ఎవరికేం ద్రోహం చేశామని నీకిలా జరగాలిరా అంటూ ఆయనే ఏడ్చేశాడు.

ఆయన భుజం మీంచి లాజర్ నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. నా మొగుడు నా ఇంట్లో నా కళ్ళెదుట ఉన్నాడు, వాళ్ళ పిల్లవాడు రైలెక్కుతున్నాడు. కుర్చీ లాగి లాజర్‌ని కూర్చోబెట్టి టీ ఇచ్చాను.